అడిగితే పెరుగుతుంది

"భేష్! దుప్పట్లు కూడా పిండేస్తున్నావే!"

వెనకనుంచి ఆ మాట వినబడేసరికి నా చేతుల్లో దుప్పటి సగం పిండి ఉంది. మందపాటివి మిషన్లో వేస్తే మోటారు మూలుగుతుందని వాటిని బకెట్లో నానబెట్టి చేత్తో ఉతకడం మా ఇంట్లో మొదట్నుంచీ ఉన్న పద్ధతి. మిషన్ మూలిగితే మాత్రం అందరికీ వినబడుతుంది. కుడి భుజం నుంచి మోచేతిదాకా సన్నటి సెగ పాకుతోంది. మెడ వెనక, ఎముక పక్కన, ఎవరో బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నట్టుంది. వెనక్కి తిరిగి నవ్వాను. ఆయన టీ తాగేసిన కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, నడక నేర్చుకుంటున్న పిల్లని చూసినట్టు మురిపెంగా చూస్తున్నారు. ఇంకోసారి "భేష్" అని, ఆ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి సింకు దాకా కప్పులు వాటంతటవే నడవవని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నాను. "నీ జోకులు బావుంటాయోయ్" అని తెగ నవ్వారు. ఆ తర్వాత మళ్ళీ అనలేదు.

ఈ మెచ్చుకోలు ప్రేమ కాదు, వైద్యం. ఆస్పత్రి వాళ్ళు ఆయనకి నేర్పించి పంపిన వైద్యం.

నొప్పి ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. మొదట చేతిలోంచి గ్లాసులు జారేవి. తర్వాత జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవడం మానేసింది. ఆ తర్వాత దవడ పట్టేయడం, రాత్రి ఏ పక్కకి తిరిగినా భుజం మండడం, పొద్దున్న లేస్తూనే రోజంతా పనిచేసి పడుకోబోతున్నంత నీరసం. రక్తం తీశారు, ఫోటోలు తీశారు, గొట్టం లాంటి యంత్రంలోకి తోసి చెవులు చిల్లులు పడేలా మోగించారు. అన్నీ నార్మల్. వేరే ఇళ్ళలో అయితే ఆ మాటకి ఊపిరి పీల్చుకుంటారేమో. మా ఇంట్లో అది తీర్పులా వచ్చింది. నేను నేరం చేసినట్టూ, రుజువైపోయినట్టూ.

"యంత్రం అబద్ధమాడుతుందా? దానికి నీ మీద ఏమైనా కక్షా?" అన్నారు ఆయన, రిపోర్టులు బల్ల మీద పేకముక్కల్లా పరిచి.

"మా రోజుల్లో నొప్పులకి తీరికుండేది కాదమ్మాయ్" అంది అత్తయ్య.

"వదినకి ఖాళీ ఎక్కువైనట్టుందిరా అన్నయ్యా, ఏదైనా కుట్టుపని నేర్పించు" అంది ఆడపడుచు ఫోన్లో. ఫోను స్పీకర్లో ఉంది. నేను ఆ పక్కనే నిలబడి ఆయన పర్సులోకి, బ్యాగులోకి మర్నాటికి కావలసినవి సర్దుతున్నాను.

ఎముకల డాక్టరు నా భుజం నొక్కుతూ ఆయన్ని అడిగాడు, "ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయాండీ ఈవిడకి?" అని. "అబ్బే, మహారాణిలా చూసుకుంటాం" అన్నారు ఈయన. ఇద్దరూ కలిసి నావైపు చూశారు. మహారాణి చెయ్యి అప్పుడు డాక్టరు చేతిలో వేలాడుతోంది. ఆ డాక్టరే, చీటీ రాసి, పై అంతస్తుకి వెళ్ళమన్నాడు. అక్కడ ఏదో పరిశోధన జరుగుతోందట. పరీక్షల్లో ఏమీ కనబడకుండా ఏళ్ళ తరబడి నొప్పులతో ఉండేవాళ్ళకి మాటలతో చేసే వైద్యం. అందులోనూ, అలాంటి వైద్యం మామూలుగా అందనివాళ్ళకి.

పై అంతస్తులో ఆ గది ఒకప్పుడు స్టోరు రూమై ఉండాలి. గోడ పొడుగునా ఇనప బీరువాలు, వాటి మీద పాత ఎక్స్‌రే ఫిల్ముల కట్టలు. మధ్యలో రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసి ఉన్నాయి. తలుపుకి పైసగం గాజు, అవతల బెంచీ. ఆ మాటల వైద్యం చేసేది నాకంటే చాలా చిన్న అమ్మాయి. కళ్ళజోడు తరచూ ముక్కు మీదికి జారుతుంటుంది. మా అత్తయ్య ఆమెకి మొదటిరోజే పేరు పెట్టేసింది: మాటల డాక్టరమ్మ.

"వైద్యం అందనివాళ్ళంటే నేనెలా అవుతానండీ?" అని అడిగాను. డిగ్రీ చదువుకున్నాను, సొంత ఇల్లు, ఆయనకి ఉద్యోగం. నాకంటే అవసరమైనవాళ్ళ చోటు నేను ఆక్రమించుకుంటున్నానేమోనని నిజంగానే బెంగపడ్డాను.

"మీ కోసం మీరు ఒంటరిగా ఆస్పత్రికి చివరిసారి ఎప్పుడొచ్చారు?" అంది.

ఆలోచించాను. అత్తయ్య మోకాళ్ళకి వచ్చాను, మామయ్య చివరి రోజుల్లో ఇక్కడే పడుకుని లేచాను, మా అమ్మాయి టీకాలకి వచ్చాను. నా కోసం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కనుండి నా తరఫున మాట్లాడారు. పురిటికి వచ్చినప్పుడు కూడా. నా మొహంలోనే జవాబు దొరికినట్టు డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, "మీ నొప్పి నిజం. పరీక్షల్లో కనబడకపోతే లేనట్టు కాదు" అంది. ఎంత మామూలుగా అందంటే, బయట వర్షం పడుతోంది అన్నట్టు. నేను బీరువాల మీది ఫిల్ముల కట్టల్ని లెక్కపెడుతూ కూర్చున్నాను, ఏడుపు రాకుండా.

శరీరంలో ఒక అలారం ఉంటుందని చెప్పింది. దొంగలొస్తే మోగాల్సింది, ఒక్కోసారి గాలికి తలుపు కొట్టుకున్నా మోగడం నేర్చుకుంటుందట. దాన్ని నెమ్మదిగా ఊరడించాలి. "మా ఇంట్లో ఏ అలారం మోగినా లేచేది నేనొక్కదాన్నేనండీ" అన్నాను. ఆమె నవ్వింది, నవ్వి రాసుకుంది. నా జోకు ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి. ఊపిరి ఎలా తీసుకోవాలో, పనికీ పనికీ మధ్య ఎలా ఆగాలో నేర్పింది. ప్రతి గురువారం ఒక గంట. ఆ గంటలో ఆమె అడిగేది, నేను చెప్పేదాకా ఆగేది. మాట మధ్యలో నేను ఆగిపోతే ఆమె దాన్ని పూర్తి చేసేది కాదు. ఇంట్లో నా మాట చివరిదాకా వెళ్ళడం అరుదు. మధ్యలో కుక్కరైనా కూస్తుంది, ఎవరైనా పిలుస్తారు. మాట పూర్తయితే ఎంత బరువు దిగుతుందో ఆ గదిలోనే తెలిసింది నాకు.

ఇంటి సంగతి కూడా ఇంట్లోవాళ్ళే మార్చాలి కాబట్టి, ప్రతి పేషెంటుకీ ఇంట్లో ఒకరికి శిక్షణ ఇస్తారట. సహాయకుడు అంటారు. ఆయన వెళ్ళారు. రెండు శనివారాలు, ఇస్త్రీ చొక్కాతో. తిరిగొచ్చి, భోజనాల దగ్గర కూర్చుని ప్రకటించారు.

"సైన్సు ఏం చెప్తోందో తెలుసా? నొప్పి నొప్పి అన్నప్పుడల్లా మనం చుట్టూ మూగితే అది బలపడుతుందట. కాబట్టి ఇకనుంచి నువ్వు నొప్పి మాట ఎత్తితే మేం పట్టించుకోం. కోప్పడం కూడా. వినబడనట్టు ఊరుకుంటాం, అంతే. పని చేసినప్పుడు మాత్రం మెచ్చుకుంటాం. ఇదంతా నీ మంచికే."

అత్తయ్య కంచంలోంచి తలెత్తింది. "మీ నాన్నకి ఏ ట్రైనింగూ లేకుండానే వచ్చురా ఈ విద్య" అంది.

ఆయన పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అత్తయ్య మాత్రం నవ్వకుండా మజ్జిగ పోసుకుంది.

నాకు అర్థంకాని విషయం ఒక్కటే. చుట్టూ మూగేవాళ్ళున్న ఇంటికి ఈ మందు సరే. నా చుట్టూ ఎవరు మూగారు? ఇంతకుముందు ఆయన పట్టించుకోకపోవడం బద్ధకంలా ఉండేది, ఒక్కోసారి తప్పు చేసినట్టు కూడా చూసేవారు. ఇప్పుడు అదే పట్టించుకోకపోవడాన్ని ఛాతీ విరుచుకుని చేస్తున్నారు. కుక్కరు దించితే భేష్. అటకమీద డబ్బాలు దించితే శభాష్. చుట్టాలొచ్చినప్పుడు అందరికీ వండి పెట్టి, గిన్నెలు తోమి వస్తే, హాల్లో అందరి ముందూ చప్పట్లు. ఆఫీసులో ఆయనకి 'డాక్టరుగారు' అని పేరు పడింది. ఒక సాయంత్రం ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చారు. "మీ పేషెంటు టీ బ్రహ్మాండం డాక్టరుగారూ" అన్నాడొకాయన. ట్రే ఇంకా నా చేతుల్లోనే ఉంది. కప్పులు గలగలమన్నాయి. "చూశారా, ఆర్నెల్ల క్రితం ఈ ట్రే ఎత్తలేకపోయేది" అన్నారు మా ఆయన. ఆర్నెల్ల క్రితమూ ఎత్తాను. అప్పుడు కప్పులు చప్పుడు చేస్తే విసుక్కునేవారు, ఇప్పుడు చేస్తే వినబడనట్టు ఊరుకుంటున్నారు. అదీ తేడా.

ఇవన్నీ మింగేసేదాన్నేమో. మా అమ్మాయి సంగతి మాత్రం గొంతు దిగలేదు.

హైస్కూలు పిల్ల. ఇంట్లో నన్ను అడిగే మనిషి అదొక్కతే. బడినుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా వంటింట్లోకొచ్చి, "ఇవాళ ఎలా ఉందమ్మా, ఇక్కడేనా?" అని మెడ మీద సరిగ్గా ఆ చోట వేలు పెట్టేది. పెద్ద డాక్టర్లు నొక్కి నొక్కి వెతికిన చోటు దానికి తెలుసు. ఒకరోజు అలాగే వేలు పెట్టి అడుగుతుంటే ఆయన గుమ్మంలోంచి చూశారు.

"అమ్మని అలా అడక్కూడదు తల్లీ. అడిగితే పెరుగుతుంది."

పొయ్యి తగిలినట్టు చెయ్యి లాగేసుకుంది. తనవల్లే నాకు ఇన్నాళ్ళూ నొప్పి పెరిగిందేమోనని దాని మొహం ఎలా అయిపోయిందో! "అలాగేం కాదు" అనబోయాను. "చూశావా, వెంటనే మొదలెట్టింది" అన్నారు ఆయన దానితో, నవ్వుతూనే. ఆ తర్వాత అది వంటింట్లోకి వస్తుంది, మంచినీళ్ళు తాగుతుంది, నా మెడ వైపు ఒకసారి చూస్తుంది, వెళ్ళిపోతుంది.

నేను చెప్పడం మానేశాను. అవతల పట్టుకునేవాళ్ళు లేనప్పుడు బంతి ఎన్నిసార్లని విసురుతాం? ప్రతివారం ఆస్పత్రినుంచి ఆయనకి ఫోను వచ్చేది, ఈ వారం మీ ఆవిడ నొప్పి గురించి ఎంత తరచుగా అన్నారు, ఏ పనులు చేశారు అని. ఆయన స్పీకరు పెట్టి, ఇల్లంతా వినేలా జవాబిచ్చేవారు. "ఈ వారం ఆ మాటే రాలేదండీ! దుప్పట్లు కూడా ఉతికింది!" అవతల నుంచి డాక్టరమ్మ గొంతు, "చాలా సంతోషమండీ" అని. నిజంగానే సంతోషం ఆ గొంతులో.

మరి గురువారాలు ఆమెకెందుకు చెప్పలేదంటారా? నిద్ర గురించి చెప్పాను, ఊపిరి గురించి చెప్పాను, అవి కొంత పనిచేశాయి కూడా. ఇంట్లో సహకారం ఎలా ఉందని అడిగినప్పుడు మాత్రం తలుపు గాజులోంచి బెంచీ మీద ఆయన తల వెనకభాగం కనబడేది. "బాగానే ఉందండీ" అనేదాన్ని. క్లాసులో పేరు పిలవగానే 'ప్రజెంట్' అన్నట్టు దానంతటదే వచ్చేసేది.

పరిశోధన ఆఖరికొచ్చింది. చివరి గురువారం మా ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి అడుగుతారు. ఆ తర్వాత ఆస్పత్రి హాల్లో పెద్ద మీటింగు, అందులో సహాయకుల తరఫున మాట్లాడమని ఆయన్ని పిలిచారు. ఆయన అద్దం ముందు నిలబడి ఉపన్యాసం చెప్పుకుంటుంటే, నేను పక్కన ఆ రోజుకి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. "ఓర్పు కావాలండీ, మగవాడికి చాలా ఓర్పు కావాలి" అంటున్నారు అద్దంతో. ఆగి, అద్దంలోంచే నాతో అన్నారు. "గురువారం నిన్నడుగుతుంది ఆ అమ్మాయి. తగ్గిందని చెప్పు. పూర్తిగా తగ్గిందని చెప్పు. సగం సగం చెప్తే నేను వేదిక మీద ఏం మాట్లాడేది?"

ఇస్త్రీపెట్టె బరువు భుజంలోకి పాకుతుంటే ఆలోచించాను. తగ్గిందంటే ఫైలు మూసేస్తారు. నయమైన మనిషికి నొప్పుందనే హక్కు ఉండదు. ఇన్నాళ్ళూ యంత్రాలు నన్ను నమ్మలేదు, ఇక నా నోటితో నేనే సంతకం పెట్టినట్టవుతుంది. ఇంకెప్పుడైనా చెయ్యి లేవకపోతే, "నువ్వే కదా తగ్గిందన్నావు" అంటారు. అయినా అంటాననే అనుకున్నాను. ఒక్క మాటకి ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందంటే ఎన్ని మాటలు అనలేదు నేను!

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఆరిన బట్టలు మడిచి అమ్మాయి బీరువాలో పెడదామని దాని గదిలోకి వెళ్ళాను. మంచానికీ గోడకీ మధ్య నేలమీద ముడుచుకుని ఉంది. మోకాళ్ళు కడుపులోకి లాక్కుని, దుప్పటి అంచు పళ్ళతో కొరికి పట్టుకుని. నుదురంతా చెమట. నెలసరి. దానికి మొదటి రోజు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది, కానీ ఎప్పుడూ "అమ్మా" అని ఇల్లంతా వినబడేలా పిలిచి, వేడినీళ్ళ సంచీ తెచ్చేదాకా నా ప్రాణం తీసేది.

"ఎప్పట్నుంచే?"

"పొద్దున్నుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

దుప్పటి అంచు నోట్లోంచి తీసింది. "చెప్తే పెరుగుతుంది కదమ్మా" అంది. నాకు అర్థం కాలేదనుకుని, ఓపిగ్గా వివరించింది. "నువ్వు చెప్పడం మానేశాకే కదా నీకు తగ్గింది. నేను కూడా ప్రాక్టీస్ చేస్తున్నాను."

వేడినీళ్ళ సంచీ నింపుతుంటే నీళ్ళు చేతి మీద పడ్డాయి. కాలిందని చాలాసేపటికి గాని తెలియలేదు. నేను నా నోరు ఒక్కటే మూసుకున్నాననుకున్నాను. నా కూతురు పక్కన కూర్చుని, ఎలా మూసుకోవాలో చూసి నేర్చుకుంటోంది. మంచి విద్యార్థి. నాలాగే.

గురువారం ఆ గదిలో మూడో కుర్చీ వేశారు. డాక్టరమ్మ ముందు ఆయన్నే అడిగింది. ఆయన అద్దం ముందు చెప్పుకున్నదంతా చెప్పారు, ఓర్పు దగ్గర్నుంచి దుప్పట్ల దాకా. "ఇప్పుడు నొప్పన్న మాట మా ఇంట్లో వినబడదండీ" అని ముగించారు. ఆమె నావైపు తిరిగింది. "మీరు చెప్పండి. నొప్పి ఎలా ఉంది?"

'తగ్గింది' నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు గాజులోంచి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. ఆ తల ఇప్పుడు నా పక్కనే ఉంది మరి.

"నొప్పి తగ్గలేదండీ" అన్నాను. "చెప్పడం తగ్గింది."

ఆయన గట్టిగా నవ్వారు. "ఈవిడ జోకులు బావుంటాయండీ."

ఆమె నవ్వలేదు. ఈసారి రాసుకోనూ లేదు. ఆయన వైపు తిరిగి అడిగింది. "శిక్షణలో మూడో సంగతి చెప్పాం కదండీ. అది ఎలా జరిగింది?"

"మూడో సంగతేమిటి?" అన్నాను నేను.

ఆయన చొక్కా చెయ్యి సర్దుకుంటున్నారు. డాక్టరమ్మే నాకు చెప్పింది. నొప్పి మాటకి బెంబేలు పడొద్దు అన్నది మొదటిది, చేసిన పనిని మెచ్చుకోమన్నది రెండోది. ఇంటిపని పంచుకుని, రోజుకొకసారి ఆమె పక్కన కూర్చుని, ఎలా గడిచిందని అడిగి, చెప్పినదంతా అడ్డం రాకుండా వినమన్నది మూడోది. ఆ మూడోది లేకపోతే మొదటిది చెయ్యనేకూడదట.

"ఆఫీసులో ఒత్తిడండీ. ముఖ్యమైనవి రెండూ వదలకుండా చేశాను కదా" అన్నారు ఆయన.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఇంటి సంగతి నేను ప్రతివారం ఆయన్నే అడిగాను" అంది నెమ్మదిగా. "మిమ్మల్ని, ఆయన దూరంగా ఉన్నప్పుడు అడగాల్సింది. తప్పు నాది." మంచి అమ్మాయి. ఫైలు మూయనంది, మళ్ళీ గురువారం ఒక్కదాన్నే రమ్మంది. తను రాయబోయే పరిశోధనలో ఈ పొరపాటు ఎక్కడో చివర ఒక వాక్యమవుతుంది. మా ఇంట్లో అది మంచానికీ గోడకీ మధ్య ముడుచుకుని ఉంది.

ఇద్దరం బస్సులో తిరిగొచ్చాం. దిగాక, ఇంటి గేటు తీస్తూ అన్నారు. "పరువు తీశావు. అంతమందిలో నేనిప్పుడేం చెప్పాలి?"

ఇంట్లో దీపాలు వేసి ఉన్నాయి. అత్తయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది, మేం రాగానే వంట మొదలవుతుందని. అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది. "ఏమందిరా మాటల డాక్టరమ్మ? నయమైపోయిందందా?" అంది అత్తయ్య.

ఆయన బ్యాగు సోఫా మీదికి విసిరి, కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. "నయమా? అబ్బో! మనమెవరమూ ఈవిడ గోడు వినలేదట. ఇదిగో, ఇప్పుడడుగుతున్నాను, అందరి ముందూ అడుగుతున్నాను. ఎక్కడ నొప్పి? ఎలా ఉంటుంది? ఎప్పట్నుంచి? చెప్పు, వింటాం!"

వెటకారమే. అయినా, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మూడు ప్రశ్నలూ ఆయన నన్ను అడగడం ఇదే మొదటిసారి. వంటింటికి దగ్గరగా ఉన్న కుర్చీ నాదేనంటారు అందరూ. దాని మీద ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలుంటాయి, నేను నిలబడే తింటాను. ఆ బట్టలు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. కూర్చున్నాను. అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. దాని చెయ్యి తీసి, నా మెడ వెనక, దానికి తెలిసిన ఆ చోట పెట్టుకున్నాను.

"మరి వంటో?" అంది అత్తయ్య.

"అదీ ఇందులోనే వస్తుంది అత్తయ్యా" అన్నాను. "మీరూ సరిగ్గా కూర్చోండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మొదలుపెడతాను."